పోనీ అనుకుందామంటే

ఈ ఫిర్యాదు ఏ ఆఫీసులో ఇచ్చుకోవాలో తెలియక పాఠకులకు ఇచ్చుకుంటున్నాను. ప్రతివాదులు గుర్రాలు. నివాసం అసటీగ్ దీవి, అట్లాంటిక్ ఒడ్డు. దీవిలో మూడింట రెండు వంతులు మేరీలాండ్ రాష్ట్రం, మిగిలిన వంతు వర్జీనియా. సమన్లు పంపితే పుచ్చుకోవు. పుచ్చుకున్నా తినేస్తాయి.

ఫిర్యాదీనైన నేను వర్జీనియాలో, వాషింగ్టన్‌కి గంట దూరంలో ఒక ఇంటివాణ్ణి. పెళ్ళి చేసుకుని ఒక ఇంటివాణ్ణయిన సంగతి వేరు. నేను చెబుతున్నది గోడలూ పైకప్పూ ఉన్న అసలు ఇంటి గురించి. ముప్ఫై ఏళ్ళ వాయిదాల్లో ఏడేళ్ళవి తీరాయి, ఇరవైమూడేళ్ళవి ఉన్నాయి. ఏటా ఆస్తి పన్ను కడతాను. నెలనెలా కాలనీ సంఘానికి చందా కడతాను. ఆ చందాతో వాళ్ళు కాయితం, కవరు, స్టాంపు కొని, నా ఇంటి ముందు గడ్డి ఎత్తు పెరిగిందని నాకే ఉత్తరం రాస్తారు. ఇదంతా ఎందుకు విన్నవిస్తున్నానంటే, ఈ వ్యాజ్యమంతా గడ్డి చుట్టూ, పన్ను చుట్టూ తిరుగుతుంది.

మా అమ్మాయికి పదేళ్ళు. బడి లైబ్రరీ నుంచి ‘మిస్టీ ఆఫ్ షింకటీగ్’ అనే నవల తెచ్చుకుంది. 1947లో మార్గరీట్ హెన్రీ అనే ఆవిడ పిల్లల కోసం రాసింది. ఆవిడకేం, రాసి ఊరుకుంది. దీవిలో అడవి గుర్రాలు కళ్ళెం లేకుండా, జీను లేకుండా తిరుగుతాయట, చూసి తీరాలని అమ్మాయి పట్టు పట్టింది. సరిగ్గా అప్పుడే బందరు నుంచి మామగారూ అత్తగారూ ఆరునెలల వీసా మీద దిగారు. మామగారు డిప్యూటీ తాసిల్దారుగా రిటైరయ్యారు. గుర్రమంటే ఆయనకు తెలిసినవి రెండే: జానపద సినిమాల్లో రాకుమారుడి పంచకల్యాణి, బందరు స్టేషన్ బయట జట్కాకి కట్టిన ఎముకల పోగు. వీటి మధ్యరకం ఒకటుంటే చూస్తానన్నారు. న్యూజెర్సీలో ఉండే బావమరిది, “టెంటు నాది బావా, ఒక రాత్రి అక్కడే పడుకుందాం” అన్నాడు. టెంటు అతనిది, తక్కినదంతా నాది అని ఆ వాక్యానికి అర్థం. సగటు బావగా నేను అది వెంటనే గ్రహించాల్సింది.

జులైలో ఒక శనివారం బయల్దేరాం. మూడుగంటల చిల్లర దారి అయిదు గంటలు పట్టింది. మధ్యలో చెసపీక్ అఖాతం మీద నాలుగు మైళ్ళు దాటిన పొడవున్న వంతెన ఉంది. అది ఎక్కినప్పటినుంచి దిగేదాకా అత్తగారు కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామిని తలచుకున్నారు. సముద్రం దాటడంలో ఆయనకు అనుభవం ఉన్న మాట నిజమే గానీ ట్రాఫిక్‌లో లేదన్నాను. కారులో ఎవరూ నవ్వలేదు.

గేటు దగ్గర కారుకింత అని రుసుం కట్టాం. గుర్రాలకి నలభై అడుగుల దూరంలో ఉండాలని, అంటే మధ్యలో ఒక బస్సు పట్టాలని, ముట్టుకోరాదని, మేత పెట్టరాదని, తినే సామానంతా కారులో పెట్టి తాళం వేసుకోవాలని బోర్డుల మీదా కరపత్రాల మీదా శుభ్రంగా రాసి ఉంది. అవి కరుస్తాయి, తంతాయి అని కూడా రాసి ఉంది. నియమాల్లో నాకు లోపం కనిపించలేదు. ఒక్కటే సందేహం. నలభై అడుగుల సంగతి గుర్రాలకు ఎవరైనా చదివి వినిపించారా? మనం దగ్గరికి పోకూడదు సరే, అది మన దగ్గరికి వస్తే? అప్పుడూ వెనక్కి జరగాల్సింది మనమేనట.

మొదటి ప్రతివాది రోడ్డు మీదే దొరికింది. తెలుపూ గోధుమరంగూ మచ్చలది, దారికి అడ్డంగా నిలబడి ఉంది. వెనక కార్ల వరస. ఒక్క హారన్ లేదు. పూర్వం చక్రవర్తులు అశ్వమేధం చేసేటప్పుడు గుర్రాన్ని వదిలి సైన్యం వెనక నడిచేదట, అది అడుగుపెట్టిన నేలంతా రాజుదట. ఇక్కడ రాజు లేడు, యాగం లేదు, సైన్యం మాత్రం పెట్రోలు కాల్చుకుంటూ వెనక నిలబడి ఉంది.

“ఇదా గుర్రం?” అన్నారు మామగారు అద్దంలోంచి చూస్తూ. “ఇంత పొట్టిదేమిటి? పైగా నిండు చూలాలులా ఉంది పాపం, ఎవరూ పట్టించుకోరా?”

అది మగది. అక్కడి గుర్రాలన్నిటికీ పొట్ట అలాగే ఉంటుంది. దీవిలో మేత ఎక్కువగా ఉప్పునీటి చవిటిలో పెరిగే గడ్డి, ఇసుకదిబ్బల గడ్డి. ఆ ఉప్పుకి అవి మామూలు గుర్రం కంటే రెట్టింపు పైగా నీళ్ళు తాగుతాయి, పొట్ట ఉబ్బుతుంది. నాసిరకం మేతకి ఒళ్ళు ఎదగదు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు అని మనవాళ్ళు వేరే అర్థంలో అన్నారు గానీ, అసటీగ్‌లో అది ఉన్నదున్నట్టు జరుగుతుంది. ఇది వినగానే అత్తగారు మామగారి వైపు ఒక చూపు చూశారు. బీపీ అని ఆరునెలలుగా ఆయనకు ఉప్పు తగ్గించి వండుతున్నారు. ఆయన రహస్యంగా ఆవకాయ బద్దలు మింగుతున్నారు. ఈ వివరం గుర్తుంచుకోవాలి, ముందు పనికొస్తుంది.

వీటిని మేరీలాండ్ వైపు గుర్రాలంటారు, వర్జీనియా వైపు పోనీలంటారు. జాతి ఒకటే. రాష్ట్ర సరిహద్దున కంచె కట్టి రెండు మందలుగా ఉంచారు. మేరీలాండ్ మంద జాతీయ పార్కుల శాఖ చేతిలో ఉంటుంది. వర్జీనియా మందకు ఆసామి, నమ్మితే నమ్మండి, షింకటీగ్ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం. నూటయాభై దాకా పెద్ద గుర్రాలను అక్కడి వన్యప్రాణి సంరక్షణ భూమిలో మేపుకోవచ్చని వాళ్ళకు అనుమతి ఉంది. ఏటా జులై ఆఖరి బుధవారం గుర్రపు రౌతులు వాటిని సముద్రపు పాయలో ఈదించి ఊళ్ళోకి తోలుకొస్తారు, గురువారం పిల్లల్ని వేలం వేస్తారు. ఆ డబ్బుతో దళం ఖర్చులు గడుస్తాయి. 1925 నుంచీ నడుస్తున్న సంబరం. వేలంలో కొన్ని పిల్లల్ని ఒక షరతు మీద పాడతారు: వేల డాలర్లు పోసి కొన్నవాడు పేరు పెట్టుకోవచ్చు, ఇంటికి తీసుకుపోకూడదు, తిరిగి దీవికే పంపాలి. ఇది విని మా అమ్మాయి ముక్కుమీద వేలేసుకుంది. నేను వేసుకోలేదు. హైదరాబాదు శివారులో ప్లాటు కొని పధ్నాలుగేళ్ళుగా దాని మొహం చూడనివాణ్ణి నేను.

చెప్పొచ్చేదేమంటే, నవల్లోవి వర్జీనియా వైపు పోనీలు. నేను చోటు బుక్ చేసింది మేరీలాండ్ వైపు. ఈ సంగతి అమ్మాయి కారు దిగాక కనిపెట్టింది. “పోనీలేవే” అంది మా ఆవిడ. “పోనీలు కాదమ్మా, అదే నేను చెప్పేది” అంది అమ్మాయి.

ఇక పన్ను మాట. ఈ గుర్రాలు దీవికి ఎలా వచ్చాయన్నదానికి రెండు కథలున్నాయి. స్పెయిన్ ఓడ ఒకటి తుపానులో మునిగితే గుర్రాలు ఈదుకుంటూ ఒడ్డెక్కాయన్నది అందమైన కథ. పదిహేడో శతాబ్దంలో ఒడ్డు మీది రైతులు, పశువుల మీద పన్నూ కంచె వేసే ఖర్చూ తప్పించుకోవడానికి వాటిని ఈ లంకలోకి తోలి వదిలేశారన్నది రెండోది. చరిత్ర తెలిసినవాళ్ళు రెండోదాని వైపే మొగ్గుతారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు రెవెన్యూలో పనిచేసిన మామగారు మొదటి కథ సగంలోనే చెయ్యి అడ్డం పెట్టారు.

“ఓడా లేదు, తెడ్డూ లేదు. శిస్తు ఎగవేత. మొహం చూస్తే తెలియడం లేదూ?”

ఆ తర్వాత ఆయన పార్కు చూడలేదు, తనిఖీ చేశారు. ఈ భూమి పట్టాయా, పోరంబోకా? పోరంబోకైతే ఆక్రమణదారులకు బి మెమో ఇచ్చారా? జమాబందీ ఏ నెలలో? మూడువందల యాభై ఏళ్ళ బకాయికి వడ్డీ ఎంత? నాకూ లోపల ఎక్కడో మండింది. కాయితాలు లేకుండా వచ్చాయి, పన్ను ఎగవేతే వృత్తిగా స్థిరపడ్డాయి, సముద్రానికి ఎదురుగా 37 మైళ్ళ పొడవున ఇల్లు, పచ్చిక కోయమని ఉత్తరం రాసే సంఘం లేదు. గ్రీన్‌కార్డు వరసలో పదకొండేళ్ళుగా నిలబడ్డవాణ్ణి, ఎదురుగా ఉన్న గుర్రం చూపులో గౌరవం కోసం వెతికాను. అది నన్ను దాటి నా వెనక ఉన్న గడ్డిని చూస్తోంది.

బావమరిది ఇసుకదిబ్బ మీద నిలబడి రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. ఆ భంగిమ ఏ తెలుగువాడు పెట్టినా తరవాతి మాట ఒకటే. “బావా, ఇక్కడ గజం ఎంతుంటుందంటావ్?”

అతనికంటే ముందే ఆ ప్రశ్న వేసినవాళ్ళున్నారు. 1950ల్లో ఈ దీవి మీద ‘ఓషన్ బీచ్’ పేరుతో వెంచర్ వేశారు. దాదాపు అయిదువేల ప్లాట్లు కోశారు. బాల్టిమోర్ బులెవార్డ్ అని పేరు పెట్టి తారురోడ్డు పరిచారు. కొన్నవాళ్ళు కొన్నారు, కొందరు ఇళ్ళూ కట్టుకున్నారు. 1962 మార్చిలో పెద్ద తుపాను వచ్చి రోజుల తరబడి కదలకుండా కూర్చుంది. ఇళ్ళు పోయాయి, రోడ్డు పోయింది, ప్లాటు ఎక్కడుందో చూపించే రాయి పోయింది. ఇక కట్టడం దండగని తేల్చి, 1965లో దీవిని జాతీయ సాగరతీరంగా ప్రకటించారు. దిబ్బల మధ్య నడకదారిలో ఆ తారురోడ్డు ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి, పెచ్చులు పెచ్చులుగా, ఇసుక కింద నుంచి తొంగిచూస్తూ.

మామగారు అక్కడ ఆగారు. చెప్పు కొసతో తారు పెచ్చు మీది ఇసుక తోశారు. 1977 నవంబరు ఉప్పెనప్పుడు ఆయన గుమాస్తాగా చేరి రెండేళ్ళు. అవనిగడ్డ వైపు జాబితాలు రాయడానికి పంపారట. ఏ జాబితాలో చెప్పలేదు, మేం అడగలేదు. “రోడ్డు ఇలాగే ఉండేది” అన్నారు, అంతే. బావమరిది నడుం మీంచి చేతులు తీసేశాడు. తరవాత కాసేపు ఎవరూ గజం ధర అడగలేదు.

ఇప్పుడు అసలు నేరం. మధ్యాహ్నం ఒంటిగంట, భోజనాల బల్ల. తప్పు మాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. ఐసుపెట్టె కారులో తాళం వేసి ఉంచాల్సింది, బల్ల మీద పెట్టాం. అత్తగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి కలిపిన పులిహోర అల్యూమినియం పళ్ళెంలో ఉంది. అంతలో దిబ్బ మీద ఒక గుర్రం జూలు ఎగురుతుండగా క్యాలెండరు బొమ్మలా నిలబడింది. అందరం ఫోన్లు పట్టుకుని అటు తిరిగాం, బస్సు దూరం కొలుచుకుంటూ. వెనక నుంచి రెండోది వచ్చింది. మొదటిది దృష్టి మళ్ళించడానికే నిలబడిందని బావమరిది ఇప్పటికీ వాదిస్తాడు.

మేం తిరిగేసరికి మూత నేలమీద ఉంది. కీరదోసకాయలు లేవు. పుచ్చకాయ సగం లేదు. మేం బస్సు దూరంలో నిలబడి “హుష్, హుష్” అన్నాం. ఆ మాట కాకులకే గానీ గుర్రాలకు పనిచేయదు. అది తీరుబడిగా పులిహోర పళ్ళెంలో మూతి పెట్టింది. వాసన చూసింది. తల ఎత్తింది. పై పెదవి మడిచి, పళ్ళన్నీ కనపడేలా ఆకాశం వైపు చూసింది. ఆ తరవాత ఒక్క మెతుకు ముట్టకుండా వెళ్ళిపోయింది.

దోసకాయలు పోయినందుకు ఎవరూ బాధపడలేదు. పులిహోర మిగిలినందుకు అత్తగారి మొహం చూడలేకపోయాం. నలభై ఆరేళ్ళ సంసారంలో ఆవిడ పులిహోర వద్దన్న ప్రాణి లేదు. చాలాసేపటికి నిదానంగా అన్నారు: “ఉప్పు చాల్లేదు. చవిటిగడ్డి తిని తిని వాటి నాలుక అలా అయిపోయింది. ఉప్పు తగ్గించమన్నది ఎవరు?” మామగారు సముద్రం వైపు తిరిగి అలలు లెక్కపెట్టడం మొదలెట్టారు.

గుర్రాల కాపలా చూసే స్వచ్ఛంద సేవకురాలు ఒకావిడ వచ్చింది, రిటైరైన టీచరమ్మ. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. మనిషి తిండి మరిగిన గుర్రం రోడ్లమీదికీ జనం మధ్యకీ వస్తుంది, కారు కింద పడుతుంది, లేదా మనుషుల మీద పడుతుంది అని చెప్పింది. అలా తిండి కోసం మొండికెత్తిన ఒక మగ గుర్రాన్ని 2022లో దీవి నుంచి తీసేసి టెక్సస్‌లో ఆశ్రయానికి పంపించాల్సి వచ్చిందట. దేశబహిష్కారం! మా వల్ల మరొకదానికి ఆ గతి పడుతుందేమోనని మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గుర్రం తిన్నవేమిటో, వాసన చూసిందేమిటో ఆవిడ రాసుకుంది. చింతపండు, పసుపు, వేరుసెనగపప్పు దాకా సాఫీగా నడిచింది. ఇంగువ దగ్గర కలం ఆగింది. అదేమిటని అడిగింది. ఒక మొక్క వేరులోంచి కారే పాలు గడ్డకడితే వచ్చేది, కంపుకొడుతుంది, మేం ఇష్టంగా తింటాం అని వివరించాను. ఆవిడ గుర్రం వెళ్ళిన వైపు ఒకసారి చూసి, రాసుకోకుండా పుస్తకం మూసేసింది.

మాటల్లో ఇంకోటి చెప్పింది. దీవి చిన్నది, మేత కొంచెం. మంద ఒకప్పుడు నూటడెబ్బై దాకా పెరిగితే గడ్డీ దిబ్బలూ దెబ్బతిన్నాయి. అందుకని 1994లో ఆడగుర్రాలకు దూరం నుంచి తుపాకీతో సూదిమందు కొట్టడం మొదలెట్టారు, గర్భం రాకుండా. ఇప్పుడు మేరీలాండ్ మంద వందకు లోపే. ఈతల బాధ తప్పిన గుర్రాలు ఎక్కువ కాలం బతుకుతున్నాయట కూడా. కుటుంబ నియంత్రణ అనగానే మామగారు మళ్ళీ లోకంలో పడ్డారు. “ఎమర్జెన్సీలో మాకూ మనిషికింత అని కోటాలుండేవి. తుపాకీ మాత్రం ఇవ్వలేదు” అన్నారు. నేను అనువదించలేదు.

రాత్రి గురించి క్లుప్తంగా. ఇసుకలో టెంటు నిలవాలంటే బారుపాటి మేకులు కావాలి, బావమరిది తెచ్చినవి జానెడు. ఆ సంగతి గాలికి తెలిసినంత త్వరగా అతనికి తెలియలేదు. దోమల మాట చెప్పను. బందరు దోమల మధ్య డెబ్బై ఏళ్ళు నిబ్బరంగా బతికిన మామగారు ఇక్కడి దోమకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టారు, మధ్యలో అది ఉండిపోయింది.

రెండు గంటలప్పుడు బయట చప్పుడు. గడ్డిని పరపరా తుంచి, నెమరు లేకుండా నమిలే చప్పుడు. మామగారికి బయటికి వెళ్ళాల్సిన అవసరం వచ్చింది, ఆ వయసులో అది వాయిదాలకు లొంగే వ్యవహారం కాదు. జిప్పు కొంచెం తీసి చూశాను. నల్లటి పొట్ట ఒకటి, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. నియమం ప్రకారం మేం నలభై అడుగులు వెనక్కి జరగాలి. టెంటు వెనక ముళ్ళపొద, దాని వెనక దిబ్బ, దాని వెనక అట్లాంటిక్. పాతిక నిమిషాలు గుక్క బిగపట్టి కూర్చున్నాం, ఇద్దరు పన్ను చెల్లింపుదారులం, బకాయిదారు మేసి వెళ్ళేదాకా.

మర్నాడు పదింటికి ఎండ ఎక్కేసరికి కుట్టే ఈగలు లేచాయి. మనుషులు కార్లలోకి పరిగెత్తారు. గుర్రాలు తొందరేమీ లేకుండా వరసగా సముద్రంలోకి దిగాయి. మోకాళ్ళ లోతున, అలలు పొట్టలకు తగులుతుంటే, ఈగలకు అందకుండా నిలబడ్డాయి. పిల్ల ఒకటి తల్లి చాటున. ఒక్కో అల వచ్చినప్పుడు అన్నీ కలిసి తలలు ఎత్తేవి.

“పుష్కరాలకు వచ్చినట్టు లేరూ” అన్నారు అత్తగారు, పులిహోర అవమానం ఒక్క నిమిషం మరచి. ఫిర్యాదీనైన నేను ఆ దృశ్యాన్ని చూశానని ఒప్పుకుంటున్నాను. చాలాసేపు చూశాను. కేసుకు దానితో సంబంధం లేదు.

ఇల్లు చేరేసరికి తలుపు సందులో కాలనీ సంఘం ఉత్తరం ఉంది. గడ్డి ఆరంగుళాలు దాటిందట. పది రోజులు గడువు. మామగారు అది చదివించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మా అమ్మాయి నోటుపుస్తకంలో ఒక కాయితం చింపి, స్కేలు పెట్టి గళ్ళు గీశారు. చేతిరాత ఇంకా తాలూకా ఆఫీసు చేతిరాతే. అడంగల్ రాశారు. గ్రామం: అసటీగ్. సర్వే నంబరు: రాళ్ళు కొట్టుకుపోయినవి. విస్తీర్ణం: ఏటికేడు మారును. పట్టాదారు: సముద్రం. అనుభవదారు: గుర్రాలు. శిస్తు: నిల్. అడుగున రిమార్కుల గడి ఖాళీగా ఉంచి వంటింటి వైపు ఒకసారి చూసి, అత్తగారు అక్కడ లేరని రూఢి చేసుకుని రాశారు:

“పులిహోరలో ఉప్పు చాలలేదని అనుభవదారు మౌఖిక వాంగ్మూలం. విచారించగా నిజమని తేలినది.”